అక్క నాడి ఎవరూ చూడలేదు

ఆ పేటలో కారు నడిపేవాళ్లలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు బ్రేకు టీచరు చేత తిట్లు తిన్నవాళ్లే. డ్రైవింగ్ స్కూలు కార్లో, నేర్చుకునేవాళ్ల పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే నేర్పేవాళ్లు దాన్ని తొక్కుతారు. ఆవిడ మాత్రం ముంచుకు రాకముందే తొక్కేది. కారు ఆపించి, తాపీగా తల తిప్పి, "ఏం బాబూ, ఆ పాలబండి నీకు కనపడిందా? లేకపోతే నువ్వే దానికి కనపడి తప్పుకోమని చెప్పాలా?" అని అడిగేది. ఎవరైనా సాకు చెప్పబోతే, "ఏడిశావులే, గేరు వెయ్యి" అనేది. భయపడేవాళ్లు భయపడ్డారు, ముక్కు చీదేవాళ్లు చీదారు గానీ, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ లైసెన్సు పరీక్ష తప్పరని పేరు.

తప్పినవాడు ఒక్కడే. ఆయన్నే ఆవిడ పెళ్లి చేసుకుంది.

ఆయన ఒక స్కూల్లో లైబ్రేరియన్. నెమ్మదస్తుడు. వెనక్కి నడపమంటే చెమటలు పట్టేవి. ఎన్నిసార్లు తప్పాడో ఆయనే లెక్క మరిచిపోయాక, చివరికెలాగో గట్టెక్కాడు. లైసెన్సు చేతికొచ్చిన రోజున సంబరపడాల్సింది పోయి, "ఇక రేపట్నుంచి క్లాసు ఉండదు కదా టీచర్" అన్నాడట దిగులుగా. ఆవిడకి అప్పటికే నెత్తిన తెల్ల వెంట్రుకలు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే తీరిక లేదని తోసిపుచ్చేది. ఆ రోజు మాత్రం తోసిపుచ్చలేదట. పెళ్లయ్యాక ఆయన మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. "టీచరు ఉండగా నేనెందుకు?" అనేవాడు.

ఇదంతా ఆవిడ చెల్లెలికి కంఠతా వచ్చు. అక్క నోటితో ఒకసారి, బావ నోటితో ఒకసారి, మొత్తం మీద చాలాసార్లు విన్నది.

అక్కాచెల్లెళ్లకి వయసులో బాగా తేడా. చెల్లెలు ఇంకా పలకా బలపం వదలని రోజుల్లో తల్లి ఒక మధ్యాహ్నం తల పగిలిపోతోందని పడుకుని మళ్లీ లేవలేదు. రక్తపోటు అన్నారు. అంతకుముందు ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. తండ్రి సరుకులు చేరవేసే వ్యాను నడిపేవాడు. ఆయనకి నడుము పట్టేసినప్పుడల్లా అక్కే వ్యాను తీసేది. అలా నేర్చిన విద్యే తర్వాత బతుకుతెరువైంది. చెల్లెలికి జడ వేసిందీ, చదివించిందీ, ఓడలో ఎలక్ట్రీషియనుగా పనిచేసే అబ్బాయిని చూసి పెళ్లి చేసిందీ అక్కే. పెళ్లికొడుకు ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే ఉంటాడని తెలిసి కూడా, "ఫరవాలేదు, నేను లేనూ?" అంది.

చెల్లెలు ఒక కళ్లద్దాల షాపులో వెనక గదిలో పనిచేస్తుంది. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అంచులు అరగదీసి బిగించడం ఆమె పని. షాపుకి వారానికోసారి కంటి డాక్టరు వచ్చేవాడు. జనం పల్చగా ఉన్న ఒక రోజు ఆయన సరదాగా ఈమె కళ్లలోకీ లైటు వేసి చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసి, "అమ్మా, మీకు బీపీ ఉందా?" అని అడిగాడు. కంటి వెనక రక్తనాళాలు నలిగి ఉన్నాయన్నాడు. అప్పట్నుంచీ ఆమె మాత్రలు వేసుకుంటోంది. వేసుకుంటోందంటే, గుర్తున్నప్పుడు.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉదయం అద్దం అరగదీస్తుంటే ఛాతీలో ఏదో అయింది. బతికున్న చేపని సంచిలో వేస్తే ఎలా కొట్టుకుంటుందో అలా ఉంది లోపల. అద్దం చేజారి పగిలింది. గోడకి ఆనుకుని కూర్చుంది. షాపువాళ్లు అక్కకి ఫోన్ చేశారు. అక్క పాఠం మధ్యలోనే, నేర్చుకునే అమ్మాయిని వెనక సీట్లోకి తోసి, తనే నడుపుకుంటూ వచ్చేసింది.

ఆస్పత్రిలో గుండె తీరు కాగితం మీద గీయించారు. ఆ గీతలు చూసిన డాక్టరమ్మ, గుండె లయకి సంబంధించిన జబ్బులకే ప్రత్యేకంగా చదువుకున్నావిడ, ఓపికగా చెప్పింది.

"గుండెకి పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైనుంచి కరెంటు పుట్టి కిందికి రావాలి, అప్పుడు అన్నీ వరసగా ముడుచుకుంటాయి. మీకు పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ గదుల గోడలు సాగిపోయి ఇలా అవుతుంది."

"వణికితే వణికాయి, ప్రాణానికేం భయం లేదుగా?" అంది అక్క.

"ఉందమ్మా. వణికే గదిలో రక్తం నిలవుండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. అందుకే రక్తం పల్చబడటానికి ముందు మాత్రలు రాస్తున్నాను. ఇవి మాత్రం మానకూడదు."

మొదట మత్తిచ్చి, ఛాతీ మీద చిన్న షాకిచ్చి లయ దారిలో పెట్టారు. కొన్ని వారాలు బాగానే ఉంది. మళ్లీ మొదలైంది. అప్పుడు డాక్టరమ్మ అబ్లేషన్ మాట ఎత్తింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాలు గుండె దాకా పంపి, తప్పుడు కరెంటు ఎక్కడినుంచి వస్తోందో అక్కడ చుట్టూ కాల్చి మచ్చ చేస్తారట. మచ్చలోంచి కరెంటు దాటదు.

'కాల్చడం' అనే మాటకి చెల్లెలి మొహం పాలిపోయింది. "నాకొద్దక్కా, మాత్రలతో నెట్టుకొస్తాను" అంది.

"మాత్రలు వేసుకునే మొహమేనా ఇది? పద, సంతకం పెట్టు."

"లోపల ఏమన్నా అయితే?"

"అయితే నేను బయటే ఉంటాగా. డాక్టరుగారూ, దీని మాటలు పట్టించుకోకండి. చిన్నప్పుడు సూదికి కూడా మంచం కింద దూరేది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంకోమాట. ఒక్కసారితో పోతుందని నేను మాటివ్వలేను. బీపీ ఉన్నవాళ్లకి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మేం ఇక్కడ కాల్చి కుట్టి పంపుతాం, మీరు ఇంటికెళ్లి బీపీని గాలికొదిలేస్తే, ఇంకో చోట మొదలవుతుంది. సగం పని మాది, సగం మీది" అంది.

"దాని సగం నేను చూసుకుంటాను" అంది అక్క.

చూసుకుంది కూడా. అబ్లేషన్ అయ్యాక చెల్లెలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది. పక్కన కుర్చీ వేసుకుని అక్క కాపలా కూర్చుంది. మోకాలు కాస్త కదిలినా, "ఊఁ" అని హుంకరించేది. నర్సు వచ్చి చెల్లెలి బీపీ చూసి, ఖాళీగా ఉన్న పట్టీని ఊపుతూ, "మీదీ చూడమంటారా మేడమ్?" అని అక్కని అడిగింది.

"నాకు బీపీ రాదమ్మా, నా దగ్గర నేర్చుకునేవాళ్లకి వస్తుంది" అంది అక్క. నర్సు నవ్వి వెళ్లిపోయింది.

అది అబద్ధమని చెల్లెలికి తెలుసు. అక్కకి బీపీ ఉంది. మాత్రలూ ఉన్నాయి. కానీ ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్లో కూర్చునే మనిషికి అదెలా కుదురుతుంది? "నడిరోడ్డు మీద కారూ, కొత్తవాడూ ఇద్దర్నీ వదిలేసి నేనెక్కడికి పరిగెత్తను? సెలవు రోజుల్లో వేసుకుంటున్నాలే" అని ఒకసారి అక్క చెబితే, ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఇంటికి పంపేముందు నర్సు మణికట్టు మీద నాడి చూసుకోవడం నేర్పింది. బొటనవేలి కింద గుంటలో రెండు వేళ్లు ఆనించి, దెబ్బలు సమంగా పడుతున్నాయో లేదో చూడాలి. చెల్లెలికి నేర్పింది గానీ నేర్చుకుంది అక్క. ప్రతి సాయంత్రం చివరి పాఠం అయ్యాక నేరుగా చెల్లెలి ఇంటికొచ్చి, చెప్పులన్నా విప్పకుండా, "చెయ్యి ఇలా తే" అనేది. కళ్లు మూసుకుని, పెదవులు బిగించి, పరీక్ష పేపరు దిద్దే పంతులమ్మలా నిలబడేది. "బాగానే కొట్టుకుంటోంది. మాత్రలు వేశావా? ఊరగాయ తిన్నావా? ఉప్పు తగ్గించమంటే నీ చెవిన పడదు" అని సణుగుతూ వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలు తీసి చూసేది.

చెల్లెలు తేరుకుంది. మెట్లెక్కినా ఆయాసం లేదు. అద్దాలు అరగదీసే చెయ్యి మళ్లీ కుదురుకుంది. ఓడ నుంచి భర్త ఫోన్ చేస్తే, "మా అక్క ఉండగా నాకు డాక్టర్లెందుకండీ" అని నవ్వింది. ఆ రోజుల్లో అక్క మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకుని నిలబడటం ఆమె చూడకపోలేదు. వయసు కదా అనుకుంది. చెప్పులు విప్పడానికి అక్కకి బద్ధకమనుకుంది గానీ, వంగితే ఊపిరాడదని అనుకోలేదు.

వానాకాలంలో ఒక పొద్దున బావ నుంచి ఫోనొచ్చింది.

"అమ్మాయ్... మీ అక్క నా వైపు చూస్తోంది గానీ మాట్లాడటం లేదు."

"మాట్లాడకపోవడమేంటి బావగారూ? మూతి చూడండి, మూతి!"

"ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తడం లేదు. అంబులెన్సుకి చెప్పాను, వంతెన మీద లారీ అడ్డం పడిందట. ఆలస్యమవుతుందంటున్నారు."

"ఆలస్యం కాకూడదు. మీరే తీసుకెళ్లండి."

"నేనా?" అన్నాడాయన, చిన్నగా.

"ఇంకెవరున్నారు బావగారూ!"

పక్కింటివాళ్లు సాయం పట్టి ఆవిణ్ని కార్లో కూర్చోబెట్టారు. డ్రైవింగ్ స్కూలు బోర్డు నెత్తిన పెట్టుకున్న ఆ కారునే, పెళ్లయ్యాక ఒక్కసారి కూడా ముట్టని మనిషి, కిక్కిరిసిన రోడ్డు మీద ఆస్పత్రి దాకా నడిపాడు. పక్క సీట్లో, తన బ్రేకు ఎదురుగానే, ఆవిడ రోడ్డు చూస్తూ కూర్చుందట. "కూడలి దగ్గర బస్సు అడ్డొచ్చినప్పుడు మీ అక్క కాలి వైపు చూశానమ్మా. అలవాటు కదా. ఆ కాలు అలాగే పడి ఉంది" అని తర్వాత ఎప్పుడో చెప్పి, ఆయన ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

చెల్లెలు ఆస్పత్రికి చేరేసరికి అక్కని స్కానింగు గది ముందు చక్రాల మంచం మీద ఉంచారు. లోపలికి తీసుకెళ్లడానికి క్షణాలే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక చెల్లెలు అక్క ఎడమచెయ్యి పట్టుకుంది. వేళ్లు వాటంతటవే బొటనవేలి కింద గుంటలోకి వెళ్లాయి.

ఒక దెబ్బ. వెంటనే రెండు, ఒకదాని మీద ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ ఒకటి, బలహీనంగా. మళ్లీ తొక్కిసలాట. ఆమెకి ఆ తీరు కొత్త కాదు. తన ఛాతీలో నెలల తరబడి మోసినదే. ఇన్నాళ్లూ ప్రతి సాయంత్రం తన చెయ్యి పట్టుకున్న చేతిలోనే ఇది ఇలా కొట్టుకుంటూ ఉంది. ఆ చేతిని ఒక్కసారి, ఊరికే సరదాకైనా, తను ఇటు తిప్పి చూడలేదు. మంచం లోపలికి వెళ్లిపోయాక కూడా ఆమె రెండు వేళ్లూ అలాగే చాపుకుని నిలబడి ఉంది.

గడ్డ కరగడానికి మందు ఎక్కించారు. ప్రాణం దక్కింది. కుడి కాలు కొంత స్వాధీనంలోకొచ్చింది, కుడిచెయ్యి రాలేదు. మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెప్పాలంటే నాలుక మీదికి ఏమీ రాదు. రోజూ వందసార్లు అనే మాటలు కొన్ని మాత్రం ఇలాంటివాళ్లకి ఎక్కడో మిగిలిపోతాయని డాక్టర్లు చెప్పారు. అక్కకి మిగిలింది ఒక్కటే. ఒక రోజు పెద్ద డాక్టరు మంచం దగ్గరికొచ్చి, "మీరు త్వరలో మామూలు మనిషైపోతారమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి సూటిగా చూసి, "ఏడిశావులే" అంది.

గదిలో అందరూ నవ్వేశారు. డాక్టరు కూడా నవ్వాడు. బావ నవ్వుతూ నవ్వుతూ కండువాలో మొహం దాచుకున్నాడు. ఆ తర్వాత నీళ్లు కావాలన్నా అదే మాట, దిండు సర్దమన్నా అదే మాట, నొప్పికీ అదే మాట. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్లకి ఆ మాట వినపడితే ఇంట్లో ఎవరికీ నవ్వు రావడం మానేసింది.

చెల్లెలు తన డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "నాకు చేశారు కదా, అదే మా అక్కకీ చెయ్యండి. కాల్చండి. ఎన్నిసార్లు కావాలన్నా కాల్చండి" అంది.

డాక్టరమ్మ అక్క గుండె స్కానింగు తెరమీద చూపించింది. "మీది మొదలైన కొత్తల్లోనే పట్టుకున్నాం. మీకు దడ తెలిసింది కాబట్టి వచ్చారు. ఆవిడకి తెలియనే లేదు. చాలామందికి తెలియదు. ఈ పై గది చూడండి, ఎంత సాగిపోయిందో. ఏళ్లుగా వణుకుతూ ఉండి ఉంటుంది. దీన్ని కాల్చినా లయ నిలవదమ్మా. ఆవిణ్ని ఊరికే బాధపెట్టినట్టవుతుంది."

"బీపీ మాత్ర సరిగ్గా వేసుకునేది కాదు. మాటిమాటికీ వెళ్లాల్సొస్తుందని..."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది. "అది పడకపోతే ఇంకో రకం ఉండేదమ్మా. చాలా రకాలున్నాయి. ఒక్క మాట చెబితే మార్చేవాళ్లం."

ఆ మాట చెల్లెలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చలికాలానికి అక్కకి ఆయాసం ముదిరింది. ఏ మందుకీ గుండె పరుగు తగ్గలేదు. పాదాలు ఉబ్బాయి. అప్పుడు ఇంకో దారి చూశారు. భుజం కింద చర్మంలో పేస్‌మేకరు అమర్చి, గుండె పై గదులకీ కింది గదులకీ మధ్య కరెంటు దాటే చోటు కాల్చేశారు. పై గదులు వణికితే వణుకుతాయి, కింది గదులు మిషను చెప్పినట్టు కొట్టుకుంటాయి. అది రోగం కుదర్చడం కాదు, ఊపిరాడేలా చెయ్యడం. ఈసారి కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నది చెల్లెలు. అక్క కాలు కదపబోతే, "ఊఁ" అంది. అక్క ఆమె వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఏదో చెప్పాలని పెదవులు కదిపి, ఆ ఒక్క మాటే వస్తుందని తెలిసి కాబోలు, నోరు మూసుకుని, మంచిగా ఉన్న చేత్తో చెల్లెలి చెంప తట్టింది.

దాంతో కొన్ని నెలలు తేలిగ్గా గడిచాయి. పాదాల వాపు తీసింది. సాయంత్రాలు వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే కార్లు చూసేది. పాత విద్యార్థులు కొందరు హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్లు. ఎవడైనా వంకరగా నడిపితే ఆవిడ కనుబొమలు ముడిపడేవి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, బావ పేపరు చదివి వినిపిస్తుంటే, మధ్యలో కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఆయన గొంతు తగ్గించి ఇంకో పేజీ చదివాడు. మళ్లీ పక్షవాతం కొట్టిందన్నారు. ఆస్పత్రిలో రెండ్రోజులుండి కళ్లు తెరవకుండానే వెళ్లిపోయింది.

చూడటానికి ఎంతోమంది వచ్చారు. వీధికి ఆ చివర దాకా కార్లు నిలిపారు. ఒక్కటి కూడా అడ్డదిడ్డంగా లేదు.

జనం వెళ్లిపోయి, ఇల్లు సద్దుమణిగాక, బావ ఒక మాట అన్నాడు. "మెట్లెక్కితే ఆయాసమని మాట పోకముందు చాలాసార్లు చెప్పిందమ్మా. నీకు చెప్పొద్దంది. దానికే ఒంట్లో బాగాలేదు, నా గోల కూడా ఎందుకంది."

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. "ఆవిడ చెప్పొద్దంటే మీరు చెప్పడం మానేస్తారా? అన్నీ ఆవిడ చెప్పినట్టే చేస్తారా మీరు?" అని అరిచి, చెప్పులేసుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం ఆయన మీదనే అనుకుంది కొన్నాళ్లు. షాపులో వంచిన తల ఎత్తకుండా అద్దాలు అరగదీసింది. మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా తప్పలేదు.

ఆయన ఫోన్ చెయ్యడం మానేసినప్పుడు ఆమెకి భయం పుట్టింది. వెళ్లి తలుపు తట్టింది. గడ్డం మాసి, చొక్కా నలిగి, చిక్కిపోయి ఉన్నాడు. పొయ్యి వెలిగించి ఎన్నాళ్లయిందో. ఆమెని చూసి, "రా అమ్మా" అని, ఇంకేం అనాలో తెలియక, కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టాడు.

"బావగారూ, మీరెప్పుడైనా బీపీ చూపించుకున్నారా?"

"లేదమ్మా. నాకెందుకు?"

"చొక్కా మార్చుకోండి. వెళ్దాం."

క్లినిక్కులో ఆయన బుద్ధిగా చెయ్యి చాపాడు. నర్సు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, ఇంకోసారి చూసింది. గుండె గీతలూ తీయించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈ వయసులో ఇంత బాగుండటం అరుదని నర్సు మెచ్చుకుంది కూడా.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆయన చొక్కా చేతులు కిందికి దించుకుంటూ, ఎవరికో తప్పు చేసినట్టు తలవంచుకుని అన్నాడు. "నాది మామూలుగానే ఉందటమ్మా."

"మంచిదే కదా బావగారూ" అంది ఆమె. మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండానే జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. ఇద్దరూ ఆ బెంచీ మీద, లోపలికి వెళ్లేవాళ్లకీ బయటికి వచ్చేవాళ్లకీ కాళ్లు అడ్డం లేకుండా ముడుచుకుని, చాలాసేపు కూర్చున్నారు.